దిద్దని మాట

ఆ ఎండాకాలం రెండు నెలల పాటు మా అత్తయ్య మాటలను ఆమెకు తెలియకుండా నేను దిద్దాను. అందుకు ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇదంతా ఇంత వివరంగా గుర్తుండేది కాదేమో.

అత్తయ్య పేరు జ్ఞానప్రసూన. శబరి నది ఒడ్డున, తెలుగు నేల సరిహద్దు అవతల ఉన్న కొంటా బజారులో మా అంగడి గల్లాపెట్టె పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చుంది. అడవి ఊళ్ళ దోర్లా వాళ్ళ భాష దోర్లీలో అడిగినవాళ్ళకు దోర్లీలో, గోండీలో అడిగినవాళ్ళకు గోండీలో జవాబు చెబుతూ, మధ్యలో జగదల్‌పూర్ నుంచి వచ్చిన సబ్బుల ఏజెంటుతో హిందీలో బేరమాడుతూ, వెనక్కి తిరిగి నాతో తెలుగులో పొయ్యి మీద పాలున్నాయని గుర్తు చేసేది. భాష మారేది కానీ గొంతు మారేది కాదు.

ఫిబ్రవరిలో భద్రాచలంలో ఆమె కంటికి ఆపరేషన్ అయింది. మిర్చి ఘాటూ చింతపండు దుమ్మూ తగలకూడదని, కొత్త అద్దాలు వచ్చేదాకా ఫోను చూడకూడదని డాక్టరు చెప్పాడు. దాంతో పెళ్ళయిన తర్వాత మొదటిసారి ఆమె అంగట్లోకి పోకుండా వెనక వసారాలో కూర్చోవలసి వచ్చింది. నేను చింతపండులో గింజలు తీస్తూ పక్కన కూర్చునేదాన్ని. చేతులకు పని లేకపోయేసరికి ఆమె చెప్పడం మొదలుపెట్టింది. జగర్గుండా సంతలో మా వాళ్ళు దుకాణం వేసిన రోజులు, ఎర్రబోరు దగ్గర ఎడ్లబండి బురదలో దిగబడితే సారా తాగిన నలుగురు వచ్చి ఎత్తిన కథ, పెళ్ళికూతురికి చీర కొనడానికి వచ్చిన భేజ్జి ఊరి ముసలాయన మూడు గంటలు చూసి చివరికి తనకు తువ్వాలు కొనుక్కుని పోయిన కథ. ఒకరోజు నేను ఫోన్లో రికార్డు పెట్టాను. నాలుగు రోజుల తర్వాత, తెలుగులో ఎవరైనా రాసుకోగల ఒక బ్లాగుల వేదికలో ఆమె పేరు మీద పేజీ తెరిచాను. దానికి 'గల్లాపెట్టె పక్కన' అని పేరు పెడితే అత్తయ్య చాలాసేపు నవ్వింది.

నేను కిరందుల్ గనుల కాలనీలో పుట్టి పెరిగాను. మా అమ్మానాన్నలది శ్రీకాకుళం. చుట్టూ హిందీ, హల్బీ ఉన్నా ఇంట్లో మాట చెడకూడదని అమ్మ మాకు తెలుగు వాచకాలు తెప్పించి చదివించింది. మంచి తెలుగు వచ్చన్న గర్వం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కోడలిగా కొంటా వచ్చాక ఇక్కడి మాటలు విని లోపల్లోపల నవ్వుకున్న రోజులున్నాయి. కాబట్టి అత్తయ్య చెప్పింది టైపు చేసేటప్పుడు నా చేయి ఊరుకోలేదు. 'ఏంది' అన్న చోట 'ఏమిటి' పెట్టాను. 'సడక్' తీసేసి 'రహదారి' రాశాను. 'బోరా' బదులు 'గోనెసంచి' వచ్చింది. తర్వాత వాక్యాలు కూడా మార్చడం మొదలుపెట్టాను. ఆమె మూడు ముక్కల్లో చెప్పింది నేను మూడు వరుసలు చేశాను. కొన్ని చోట్ల పేర్లు తీసేశాను. ఎక్కడో ఉండేవాళ్ళకు మా ఊరి పేర్లు ఏం అర్థమవుతాయిలే అనుకున్నాను.

మొదటిది పెట్టిన రోజు సాయంత్రం చదివి వినిపించమని అడిగింది. ఫోను ముందు పెట్టుకుని, తెర మీద ఉన్నది కాకుండా ఆమె చెప్పిన మాటలే గుర్తు తెచ్చుకుని చదివాను. బాగుందని తల ఊపింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ తర్వాత ప్రతిసారీ అలాగే చదివాను.

రోజూ సాయంత్రం ఎంతమంది చదివారని అడిగేది. పదకొండు మంది అని చెప్పేదాన్ని. ఆ పదకొండులో నేనూ మా ఆయన గోపీ ఉన్నామని చెప్పేదాన్ని కాదు. కొత్త సంతలో మొదటి వారాలు అట్లనే ఉంటయనేది. ఆమెకు నిరాశ లేదు, నాకే తోచేది కాదు. పది కథలు పెట్టాక కూడా లెక్క ఇరవై దాటలేదు.

ఆ వేదికలో ప్రతి రచన కింద 'ప్రమోట్' అని ఒక మీట ఉంటుంది. డబ్బు కడితే మన రచనను మనకు తెలియని వాళ్ళ ముందు పెడతారు. ఎన్ని రోజులు, ఏ ఊళ్ళు, ఏ వయసు వాళ్ళు అని అడుగుతుంది. గోపీ దండగ అన్నాడు. నేను ట్యూషన్ పిల్లల దగ్గర వచ్చిన డబ్బు పెట్టి మూడు రోజులకు నొక్కాను. ఊళ్ళ దగ్గర హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరు అని రాశాను.

మూడు రోజుల్లో పందొమ్మిది వేల మందికి చూపించామని వేదిక లెక్క చెప్పింది. నేను సంబరంగా లోపలికి పరిగెత్తబోయి, కింద ఉన్న మిగతా లెక్కలు చూసి ఆగాను. తెరిచినవాళ్ళు రెండు వందల ఆరుగురు. వాళ్ళు సగటున పేజీ మీద ఉన్నది పదకొండు సెకన్లు. కింద ఒక్కటే వ్యాఖ్య: 'బాగుంది, నా పేజీ కూడా చూడండి.'

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. డబ్బిచ్చి చదివించుకునేది చదువు కాదని గోపీ వాదన. మూడు రోజులు చాలవు, నెల పెట్టాలని నా వాదన. మామయ్య శేషగిరిరావుగారు అప్పటిదాకా ఈ విషయంలో నోరు విప్పలేదు. మజ్జిగ పోసుకుంటూ, జీపుకు మైకు కట్టి ఊళ్ళు తిప్పిన రోజులు మాకూ ఉన్నాయి అన్నారు. ఆ తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా అడిగారు.

"మైకు ఊరంత తిరిగింది. జనం అంగడి కాడికొచ్చి, తొంగిజూసి పోయిన్రు. మరి తప్పు మైకుదా, సరుకుదా?"

అత్తయ్య వెంటనే, సరుకు మంచిదే, ఎండాకాలం గద, ఎవరికి ఓపికుంటది అంది. నేను పళ్ళెం తీసుకుని లేచాను.

ఏప్రిల్ మొదట్లో ఇంకోసారి డబ్బు కట్టాను. ఈసారి మరింత చక్కగా దిద్దాను. మూడు వందల మంది తెరిచారు. తెనాలి నుంచి ఒక రిటైర్డు పంతులమ్మగారు పూర్తిగా చదివి వ్యాఖ్య రాశారు. 'భాష చాలా చక్కగా ఉంది. అయితే ఇలాంటివి ఇదివరకు చాలా చదివాను.' ఆ రెండో వాక్యం నన్ను వారం రోజులు వదల్లేదు. మొదటి వాక్యం కోసం నేను పడ్డ కష్టం అంతా ఆ రెండో వాక్యంలో పోయింది.

ఏప్రిల్ నెలాఖరులో భద్రాచలం నుంచి అత్తయ్య కొత్త అద్దాలు వచ్చాయి. అవి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో లక్మే వచ్చింది.

లక్మే దోర్లా మనిషి, జగర్గుండా వైపు. అత్తయ్యకు ఆమెకు వయసులో ఏడాదో రెండేళ్ళో తేడా. జగర్గుండా సంతలో మా దుకాణం పక్కనే ఆమె చింతపండు, విప్పపువ్వు పెట్టుకుని కూర్చునేదట. కాల్పులతో ఊళ్ళు కల్లోలమై దారి తెగిపోయినప్పుడు మా వాళ్ళు ఒక్క పొద్దులో ఆ సంత దుకాణం ఎత్తేసి కొంటా అంగడికే తిరిగి వచ్చేశారు. ఇప్పుడు అటు సడక్ పడింది, జీపులు తిరుగుతున్నాయి. లక్మే ఏడాదికి రెండుమూడుసార్లు వస్తుంది, అంగట్లోకి కాకుండా నేరుగా వెనక వసారాలోకి వస్తుంది. అమ్మడానికి తెచ్చింది మామయ్యకు, ఊరికే తెచ్చింది అత్తయ్యకు ఇస్తుంది. ఆ రోజు ఆకుదొన్నెలో చారపప్పు తెచ్చింది.

నీ కథ ఫోన్లో పెట్టినం, నీకు సదివి వినిపిస్త అని అత్తయ్య అంది. నేను వంటింట్లోంచి వచ్చేలోపే ఆమె అద్దాలు పెట్టుకుని, గోపీ చేత పేజీ తెరిపించుకుని, ఫోను దూరంగా పట్టుకుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. దారి తెగిన ఆరేళ్ళకు, జగర్గుండాలో మా వాళ్ళు హడావిడిలో వదిలేసి వచ్చిన ఇనుప మానికను, గింజలూ ఉప్పూ కొలిచే ఆ కొలపాత్రను, లక్మే రెండు రోజులు అడవిలో నడిచి తెచ్చి ఇచ్చిన కథ.

అత్తయ్య గట్టిగా చదవసాగింది. "ఆరు సంవత్సరాల సుదీర్ఘ నిరీక్షణ అనంతరం ఆ ఆదివాసీ మహిళ మా దుకాణ ప్రాంగణంలో నిలబడినప్పుడు, నా హృదయం ఉప్పొంగింది."

చదివి ఆగింది. ఇంకోసారి అదే వాక్యం చదివింది, ఈసారి మెల్లగా, బియ్యంలో రాయి తగిలినట్టు.

లక్మే చారపప్పు నమలడం ఆపింది. "ఆదివాసీ మహిళ ఎవరక్కా?" అని అడిగింది.

అత్తయ్య తెర మీది ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ఉప్పొంగుడంటే ఏడ్సుడా?" లక్మే మళ్ళీ అడిగింది. "ఆ దినం నువ్వు ఏడ్వలే. నేను చూసిన గద. నువ్వు దాంతోనే నాకు ఉప్పు కొలిచినవ్."

అత్తయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుంది. గడప దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. నాకు తప్పుకునే దారి ఒకటి తనే చూపించింది.

"మిషిన్ గాని మార్చిందా అమ్మా? గోపీగాని మెసేజీల మాటలు ఒక్కోసారి మారిపోతయ్ గద."

అవునంటే సరిపోయేది. గోపీ కూడా అవుననేవాడు. నేనే మార్చానని చెప్పాను.

"ఎందుకు మార్చినవ్?"

"నవ్వుతారని అత్తయ్యా."

"ఎవరు?"

"చదివేవాళ్ళు. హైదరాబాదు వాళ్ళు, విజయవాడ వాళ్ళు."

ఆమె చాలా మామూలుగా, పాలలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"నీకు నవ్వొచ్చిందా?"

అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, ఆమె లక్మేను అన్నం తినడానికి లేపింది. నాకు కూడా పళ్ళెం పెట్టింది. ఆ రోజు ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు అత్తయ్య ఏ కథా చెప్పలేదు. అలిగింది కాదు. కళ్ళు బాగయ్యాయి కాబట్టి ఉదయం పూట అంగట్లోకి పోవడం మొదలుపెట్టింది, అంతే. నాతో మాట్లాడేది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పేది. కానీ సాయంత్రాలు ఎంతమంది చదివారని అడగడం మానేసింది. నేను ఆ ప్రశ్న కోసం ఎదురు చూస్తున్నానని ఆ తొమ్మిది రోజుల్లోనే నాకు తెలిసింది.

మే నెల మధ్యాహ్నాలు. బయట బీడీల తునికాకు కట్టలు ఆరేసిన కళ్ళాల మీద గాలి కూడా కదిలేది కాదు. అంగడి తలుపు సగం వేసి అందరూ పడుకునేవాళ్ళు. నేను చెవుల్లో తీగలు పెట్టుకుని, రికార్డులు మొదటి నుంచీ విన్నాను. ఇదివరకు కూడా విన్నాను, కానీ అప్పుడు ఏది మార్చాలా అని విన్నాను. ఈసారి మార్చడానికి ఏమీ లేకుండా విన్నాను. లక్మే కథ దగ్గర ఆమె గొంతు ఇలా ఉంది:

'ఆరేండ్లకు లక్మే వచ్చింది. మెట్టు కాడ నిలవడ్డది. కొంగుల నుంచి మానిక తీసింది. ఇది మీది అన్నది. నాకు మాట రాలే. ఉప్పు కొలిచిన.'

ఆ చివరి రెండు మాటల మధ్య చాలా విరామం ఉంది. ఆ విరామంలో వీధిలో పోయే లారీ చప్పుడు, నేను గింజలు పడేస్తున్న చప్పుడు వినిపించాయి. ఆమె ఎదురుగా కూర్చుని ఆ మాట విన్నదాన్ని నేనే. విని, ఆ ఖాళీలో హృదయం పెట్టి ఉప్పొంగించినదాన్ని కూడా నేనే. నా గర్వం అంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. సిగ్గు మాత్రం చాలాసేపు ఉంది.

పదమూడు కథలూ మళ్ళీ టైపు చేశాను. ఆమె అన్నది అన్నట్టు, సడక్ సడక్‌గానే, బోరా బోరాగానే. పాతవి తీసేసే ముందు ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి నేను చదవలేదు, ఫోను ఆమె చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ లక్మే కథ మొత్తం చదివింది. రెండు చోట్ల నేను తప్పు విన్న మాటలు సరిచేయించింది. ఇప్పుడు ఇది నేను జెప్పినట్టున్నది అంది. పాతవి తీసి ఇవి పెట్టాక, ఆ సాయంత్రం ఎంతమంది చదివారని అడిగింది.

నలుగురే అని చెప్పాను. నిజమైన నలుగురు, నేనూ గోపీ కాక.

అప్పుడు ఆమె అన్న మాట మా ఇంట్లో ఎవరమూ ఊహించలేదు. మళ్ళీ చాటింపు వెయ్యమంది. ఈసారి డబ్బు తనదని, నా ట్యూషన్ డబ్బు ముట్టవద్దని చెప్పింది. నాకు భయం వేసింది. దిద్దినప్పుడే ఎవరూ పట్టించుకోలేదు, దిద్దనిదాన్ని పదిమంది ముందు పెడితే ఏమంటారో అని. మామయ్య కూడా, రెండుసార్లు దండగైంది గద, మళ్ళెందుకన్నారు.

"అప్పుడు మనం చాటింపు వేసింది మనది కాని సరుకుకు," అంది అత్తయ్య. "పైసలిస్తే జనం మెట్టు దాక వస్తరు. అంతవరకే మైకు పని. ఆ తర్వాత చేతిలకు తీసుకొని చూసేది సరుకునే. మన సరుకు మనం మెట్టు మీద పెట్టకముందే అమ్ముడువోదంటె ఎట్ల?"

ఏ ఊళ్ళలో వేయాలని అది అడుగుతుందా అంది. అడుగుతుందన్నాను. గల్లాపెట్టె దగ్గర సామాన్ల చీటీ చెప్పినట్టు వేళ్ళు మడుస్తూ చెప్పింది. చింతూరు, కూనవరం, భద్రాచలం, చర్ల, వెంకటాపురం, భోపాలపట్నం, జగదల్‌పూర్, మల్కనగిరి. మన దిక్కు మాట తెలిసినోళ్ళు ముందు చూడాలంది. నేను అన్నీ రాసి మీట నొక్కబోతుంటే, హైదరాబాదు గూడ పెట్టు అంది.

"తెల్వనోళ్ళు గూడ చూడాలె గద."

లక్మే కథ మీద నాలుగు రోజులకు కట్టాము. ఇదివరకటిలా పందొమ్మిది వేలు కాదు, నాలుగు వేల పైచిలుకు మందికి చూపించారు. అందులో తొమ్మిది వందల మంది తెరిచారు. వాళ్ళలో సగానికి పైగా చివరి దాకా చదివారని లెక్క చెప్పింది. నేను ఆ అంకెను మూడుసార్లు చూసుకున్నాను.

నవ్వినవాళ్ళు నవ్వారు. నేను భయపడ్డది ఏమీ తప్పలేదు. 'ఇది తెలుగేనా?' అని ఒకరు, 'ముందు భాష నేర్చుకుని రాయండి ఆంటీ' అని ఇంకొక కుర్రాడు. వాటిని తీసేద్దామని నేను ఫోను పట్టుకుంటే అత్తయ్య చేయి అడ్డం పెట్టింది. సరుకు బాగలేదన్నవాణ్ణి అంగట్లోంచి తోలేస్తామా అంది. జవాబు రాయమంది. ఆమె చెప్పింది, నేను రాశాను. నా చేయి ఈసారి ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

'మాది గూడ తెలుగే బిడ్డా. మీది గూడ తెలుగే. మధ్యల శబరి పారుతది, గంతే. రాండ్రి, అవతలి ఒడ్డు గూడ చూసి పోండ్రి.'

ఆ నవ్విన కుర్రాడు క్షమించమని రాయలేదు కానీ మిగతా పన్నెండు కథలూ ఆ రాత్రే చదివినట్టు గుర్తులు కనబడ్డాయి. ఇక మా దిక్కు వాళ్ళు మొదలుపెట్టారు. ఎర్రబోరు దగ్గర బురదలో దిగబడిన బండి తమ తాతదే అయి ఉంటుందని చింతూరు లారీ డ్రైవరు ఒకాయన రాశాడు. భోపాలపట్నం నుంచి ఒక పెద్దాయన కథను తన గొంతుతో చదివి, చదువు రాని వాళ్ళ ఫోన్లకు పంపుతున్నానని చెప్పి, అనుమతి అడగనందుకు ఏమనుకోవద్దన్నాడు. జగదల్‌పూర్‌లో నర్సింగు చదువుతున్న పూనం అనే దోర్లా అమ్మాయి, లక్మే కథను తమ భాషలోకి మార్చి పెట్టుకోవచ్చా అని అడిగింది. ఆ కథ నాది కాదు, లక్మేను అడగాలంది అత్తయ్య. జీపు డ్రైవరు చేత కబురు పంపితే ఐదో రోజు జవాబు వచ్చింది. పెట్టుకోవచ్చు, కానీ పేరు తీసేయొద్దన్నదట.

నాలుగు రోజులు అయ్యాక గీత పడిపోయింది. ఆ వేదికలో ఒక గీత ఉంటుంది, రోజుకు ఎంతమంది వచ్చారో చూపిస్తుంది. చాటింపు ఆగిన మర్నాడు అది నిట్టనిలువుగా కిందికి దిగింది. గోపీ చూసి, చూసినవా, పైసలాగంగనే జనం ఆగిన్రు అన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. కిందికి దిగింది కానీ నేలకు తగల్లేదు. రోజుకు అరవై, డెబ్బై మంది, ఎవరూ పిలవకుండా వస్తున్నారు. ఇంతకూ పెట్టిన డబ్బు దండగా కాదా అని గోపీ మళ్ళీ అడిగాడు. మొదటి రెండుసార్లు దండగే అని ఒప్పుకున్నాను. మూడోసారిది కాదన్నాను. మూడుసార్లూ కట్టింది దాదాపు ఒకటేనని తనన్నాడు. అదీ నిజమే.

అత్తయ్య మళ్ళీ చాటింపు వేయించలేదు. కొత్త కథ పెట్టినప్పుడల్లా నేను అడిగితే, వచ్చినోళ్ళు ఇంకా అంగట్లనే ఉన్నరు గద, ముందు వాళ్ళను చూసుకోనీ అనేది. ప్రతి వ్యాఖ్యకూ జవాబు చెప్పేది. ఉదయం అంగట్లో, మధ్యాహ్నం వసారాలో, ఆమెకు రెండు దుకాణాలయ్యాయి. నేను మా అమ్మకు ఫోన్ చేసి పేజీ చూడమని చెప్పాను. మా అత్తగారు రాస్తున్నారు, చదువు అని. అలా చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జూన్ రెండో వారంలో వాన మొదలైంది. ఆ రోజు అత్తయ్య లోపల పడుకుని ఉంది. నేను అంగట్లో సరుకు మీద ముసుగు గుడ్డలు సర్దుతున్నాను, మామయ్య గద్దె మీద కూర్చుని వానకు బేరాల్లేక తక్కెడ తుడుచుకుంటున్నారు. గొడుగు ముడుస్తూ ఒకావిడ మెట్టెక్కింది. నలభై ఏళ్ళుంటాయి, చెప్పులకు ఎర్రమట్టి, చంకకు సంచి. పేరు రమణమ్మ అని, చర్ల దగ్గర అంగన్‌వాడీలో పనిచేస్తానని చెప్పింది. రెండు బస్సులు మారి వచ్చిందట. ఫోన్లో డబ్బిచ్చి చూపించేవి తాను ఎప్పుడూ నొక్కనని, దాని మీద 'మెట్టు కాడ నిలవడ్డది' అన్న మాట కనబడితే తమ అమ్మ పిలిచినట్టయి నొక్కానని చెప్పింది. చెప్పి, అంగడి లోపలికి తొంగి చూసింది.

"జ్ఞానప్రసూనమ్మ ఇల్లు ఇదేనా?"

కొంటా బజారులో ఆ అంగడిని అందరూ శేషగిరి సేఠు దుకాణమంటారు. పోస్టుమాన్ అలాగే అంటాడు, లారీలవాళ్ళు అలాగే అంటారు, బయట బోర్డు మీద కూడా అదే పేరు. అత్తయ్య పేరు పెట్టి ఆ మెట్టు మీద ఎవరైనా అడగడం నేను కోడలిగా వచ్చాక వినలేదు. మామయ్య కూడా విని ఉండరు. నేను సమాధానం చెప్పబోయి ఆయన వైపు చూసి ఆగిపోయాను.

ఆయన తక్కెడ పక్కన పెట్టారు. కలెక్టరు ఆఫీసు నుంచి మనిషి వచ్చినా గద్దె మీద నుంచే మాట్లాడే మనిషి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడ్డారు. భుజం మీది తువ్వాలు సరిచేసుకున్నారు.

"ఇదేనమ్మా," అన్నారు. "రా, లోపలికి రా. నేను ఆమె ఇంటాయన్ని."